అవతలి పక్షం లాయరు చెప్పిన పాఠం

ఆ గదిలో ఉన్నవి ఇవి. చక్రాల బల్లల మీద ఇరవై అయిదు అంగుళాల టీవీలు రెండు. ముప్పావు అంగుళం టేపు క్యాసెట్లు వేసే ప్లేయరు ఒకటి, అది మొరాయిస్తే వాడటానికి మరొకటి. గంటకొకటి చొప్పున ఆరు క్యాసెట్లు. ముప్పై కప్పుల కాఫీ పట్టే స్టీలు పాత్ర, మడత కుర్చీలు, ఒక నిలువు ఫ్యాను, ఆ గాలికి కాగితాలు ఎగరకుండా వాటి మీద పెట్టిన లావుపాటి చట్టాల పుస్తకాలు. లాయర్లు పదమూడు మంది. వాళ్లలో ఆడవాళ్లు ఇద్దరు, ఆ ఇద్దరిలో ఒకామె మన తెనాలి మనిషి. కౌంటీకి, అంటే అక్కడి జిల్లాకు, జడ్జి ఒకరు. టేపులు వేసేవాణ్ణి నేను.

1987 జూన్ నెల, ఆఖరి శుక్రవారం. అమెరికా నడిమధ్యన, చుట్టూ మొక్కజొన్న చేలున్న ఒక చిన్న ఊళ్లో కోర్టు భవనం. దాని కింది అంతస్తులో ఉన్న లా లైబ్రరీ మా క్లాసురూము.

వరంగల్లో ఎలక్ట్రానిక్స్ చదివి, మాస్టర్స్ కోసం ఆ రాష్ట్రపు యూనివర్సిటీకి వచ్చాను. ఫీజు కట్టుకోవడానికి అక్కడి లా స్కూల్ ఆఫీసులో పార్ట్‌టైమ్ ఉద్యోగం చేసేవాణ్ణి. ఆ ఆఫీసు చదువు చెప్పేది విద్యార్థులకు కాదు, లాయర్లకు. ఆ రాష్ట్రంలో లాయరు లైసెన్సు ఉన్న ప్రతి మనిషీ మూడేళ్లలో నలభై అయిదు గంటలు క్లాసులో కూర్చోవాలి. కూర్చోకపోతే లైసెన్సు ఆగిపోతుంది, కోర్టులో నోరు విప్పడానికి వీల్లేదు. పెద్ద నగరంలో పెద్ద లాయర్లు పాఠం చెబుతుంటే మేము రికార్డు చేసేవాళ్లం. ఆ టేపుల్ని నేను యూనివర్సిటీ వ్యాన్‌లో వేసుకుని, నగరానికి రాలేని ఊళ్ల లాయర్లకు చూపించి వచ్చేవాణ్ణి.

మొదటిసారి వెళ్లినప్పుడు నాకు కలిగిన ఆశ్చర్యం ఏడాదిన్నర తిరిగినా తగ్గలేదు. ఇంజనీరింగ్ పట్టా చేతికిచ్చిన రోజున మా ప్రొఫెసర్ గారు, "ఇక మీకు ఎవరూ పరీక్ష పెట్టరు, హాయిగా బతకండి" అని దీవించారు. ఇక్కడేమో నెరిసిన తలలవాళ్లు పొద్దున తొమ్మిదింటికల్లా పసుపుపచ్చ కాగితాల పుస్తకాలు పట్టుకుని వచ్చి కూర్చునేవారు. ఊళ్లో సగం మంది వీలునామాలు రాసిన మనిషి ముందు వరసలో కూర్చుని, టీవీలోని మాటకు తలెత్తి, మళ్లీ దించి రాసుకునేవాడు. ఆ రోజు వచ్చినవాళ్లలో అందరికన్నా పెద్దాయనకు డెబ్భై ఎనిమిదేళ్లు. ప్యాంటు జారకుండా భుజాల మీదుగా ఎర్ర పట్టీలు వేసుకుని వచ్చాడు. ఈ వయసులో కూడా ఎందుకండీ అని అడిగితే ఆయన కాఫీ ఊదుకుంటూ అన్నాడు.

"చట్టానికీ నాకూ పందెం బాబూ. అది మారడం ఆపేదాకా నేను చావకూడదని. ఇప్పటిదాకా అదే గెలుస్తోంది."

ఆ రోజు పాఠం కొత్త చట్టం మీద. అప్పటికి మూడు నాలుగేళ్లుగా ఆ ప్రాంతంలో రైతులు కుదేలవుతున్నారు. భూమి ధర పడిపోయింది, వడ్డీలు పెరిగాయి, బ్యాంకులు ట్రాక్టర్లనూ పశువుల్నీ వేలం వేస్తున్నాయి. రైతు కుటుంబాల కోసం ప్రత్యేకంగా ఒక దివాలా చట్టం కిందటేడు చివర్లో వచ్చింది. రైతు కోర్టులో దరఖాస్తు పెడితే వేలం ఆగుతుంది. సేద్యం చేసుకుంటూనే అప్పు కొన్నేళ్లలో తీర్చే పథకం ఒకటి కోర్టు ముందు పెట్టుకోవచ్చు. చట్టం వచ్చి ఏడు నెలలే. దాని మీద పుస్తకాలు లేవు, తీర్పులు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. అందుకే ఆ ఆరు క్యాసెట్లకు అంత గిరాకీ.

తెనాలి ఆమెను నేను అంతకుముందు చలికాలంలోనే చూశాను. అదే లైబ్రరీలో నేను మైకు పరీక్షించి దిగుతుంటే ఆమె దగ్గరికి వచ్చింది.

"వన్ టూ త్రీ అన్నప్పుడే అనుకున్నా. ఏ ఊరయ్యా మీది?" అంది తెలుగులో.

"వరంగల్, మేడం."

"మేడం ఏంటి, అక్కా అను. ఈ కౌంటీ మొత్తానికి నన్ను అక్కా అనేవాళ్లు ఒక్కళ్లు లేరు."

అప్పటికి ఆమెకు నలభై దగ్గర పడుతున్నాయి. భర్త ఆ ఊరి ఆసుపత్రిలో డాక్టరు. ఆమె గుంటూరులో లా చదివి, రెండేళ్లు ప్రాక్టీసు చేసి, ఇక్కడికి వచ్చాక మళ్లీ మొదటినుంచి లా స్కూల్లో చేరి లైసెన్సు తెచ్చుకుంది. మెయిన్ స్ట్రీట్‌లో మందుల షాపు పైన ఒక గది ఆఫీసు. గుమాస్తా లేదు, టైపు కూడా తనే చేసుకునేది. ఆదివారం చర్చిలో పాడుతుందని, ఆ పాట కోసమే వచ్చే రైతులు ఉన్నారని ఎర్ర పట్టీల పెద్దాయన నాకు చెప్పాడు. వాళ్లలో కొందరు సోమవారం ఆమె ఆఫీసు మెట్లెక్కేవారట.

శుక్రవారం పొద్దున మూడు క్యాసెట్లు సజావుగా నడిచాయి. మధ్యాహ్నం తిండి వేళకు ఆమె నన్ను బయట మెట్ల మీద తన పక్కన కూర్చోమని, చీజ్ శాండ్‌విచ్ సగం చేసి ఇచ్చింది. లోపల పచ్చిమిరపకాయ చీలికలు పెట్టింది. నేను నమిలేలోపు అసలు సంగతి చెప్పింది.

"నాకు ఆరు గంటలు తక్కువ పడ్డాయి తమ్ముడూ. ఫిబ్రవరిలో పక్క రాష్ట్రం వెళ్లి ఒక కోర్స్ చేశాను చూడు, దానికి అప్రూవల్ లేదని మేలో లెటర్ వచ్చింది. నా మూడేళ్లూ మంగళవారంతో అయిపోతాయి. ఇవాళ ఆరూ పూర్తయితే సరిగ్గా సరిపోతుంది."

"కాకపోతే ఏమైతది అక్కా?"

"బుధవారం నుంచి నేను లాయర్ని కాదు. మళ్లీ క్లాసులు చేసి, అప్లై చేసుకుని వెనక్కి రావడానికి నెల పైన. గురువారం నాకు ఫెడరల్ కోర్టులో హియరింగ్ ఉంది."

ఆ హియరింగ్ ఒక పాడి రైతుది. ఆమె ఆ కొత్త చట్టం కింద అతని తరఫున దరఖాస్తు వేసింది. ఆవులు తాకట్టులో ఉన్నాయి కనుక మా ఆవులు మాకిప్పించండి, అమ్ముకుంటాం అని బ్యాంకు అడుగుతోంది. ఆవులు పోతే పాలు లేవు, పాలు లేకపోతే పథకమే లేదు. ఆమె దగ్గరికి వచ్చేముందు ఆ రైతు ఇద్దరు ముగ్గురు లాయర్లను అడిగాడట. అందరికీ ఆ బ్యాంకుతో ఏదో ఒక పని ఉంది, కాబట్టి కుదరదన్నారు. గురువారం ఆమె నిలబడలేకపోతే అతని పక్కన నిలబడేవాళ్లు ఎవరూ లేరు.

"బ్యాంకు లాయరు ఎవరక్కా?"

ఆమె గడ్డం ఎత్తి చూపించింది. పచ్చిక మీద ఎండలో ఒక పొడుగాటి మనిషి కోటు విప్పి భుజాన వేసుకుని ఆపిల్ తింటున్నాడు. నెరిసిన మీసం, చొక్కా జేబులో మూడు పెన్నులు. పొద్దున్నుంచి ఆమెకు రెండు కుర్చీల అవతల కూర్చుని నోట్సు రాసుకున్న మనిషే.

"ఆయన గంటలు మార్చిలోనే అయిపోయాయి. ఊరికే నేర్చుకుందామని వచ్చాడు," అంది ఆమె. ఆ మాటలో కోపం లేదు, కొంచెం దిగులు ఉంది.

ఒంటిగంటకు అందరం లోపలికి వచ్చాం. నేను నాలుగో క్యాసెట్ ప్లేయరులో పెట్టి బటన్ మీద వేలు ఉంచాను. అప్పుడే పై అంతస్తు నుంచి కోర్టు బంట్రోతు దిగివచ్చి జడ్జి గారి చెవిలో ఏదో చెప్పాడు. జడ్జి గారు లేచి నిలబడ్డారు.

"పైన నా జ్యూరీకి ఎటూ తేలడం లేదట. ఒక సాక్షి చెప్పిందంతా మళ్లీ చదివి వినిపించమంటున్నారు. ఒకటిన్నర రోజు చెప్పాడు ఆ సాక్షి. నన్ను మన్నించాలి," అని వెళ్లిపోయారు.

ఆయన వెళ్లడంలో వచ్చిన చిక్కు ఏమిటో చెప్పాలి. టేపు పాఠానికి గంటలు లెక్కకు రావాలంటే గదిలో మోడరేటరు ఒకరు మొదటినుంచి చివరిదాకా ఉండాలి. చివర్లో ప్రశ్నలకు జవాబు చెప్పాల్సింది ఆ మనిషే. ఆ రోజు మోడరేటరు జడ్జి గారే. మోడరేటరు లేకుండా వేసిన టేపు సినిమా కింద లెక్క.

నేను కారిడార్‌లోని ఫోన్ నుంచి మా ఆఫీసుకు చేశాను. మా డైరెక్టరుగారు, మోడరేటరు లేనిదే బటన్ నొక్కవద్దు, నిబంధనల కాపీ నీ పెట్టెలోనే ఉంది, లాయర్లకు చూపించు, ఆ సంగతి వాళ్లే తేలుస్తారు అన్నారు. డైరెక్టరుగారికి తెలిసే ఉండాలి. పదమూడు మంది లాయర్లకు ఒక నిబంధన చేతికిస్తే ఏమవుతుందో నాకే తెలియదు.

ఏమైందంటే ముప్పావుగంట పోయింది. ఒకాయన జడ్జి గారు ఇదే భవనంలో ఉన్నారు కాబట్టి ఉన్నట్టే అన్నాడు. ఇంకొకాయన ఈ భవనంలో బాయిలరు కూడా ఉంది, దాన్నీ మోడరేటర్ని చేద్దామా అన్నాడు. ఒకరు పాత నిబంధన గుర్తుచేశారు, ఇంకొకరు అది రద్దయిన సంగతి గుర్తుచేశారు. ఎవరూ గొంతు పెంచలేదు. ఒకరు చెబుతుంటే మిగతావాళ్లు ఆగి విని, తలాడించి, ఆ తరవాత నరికేసేవారు. గడియారం చూసింది నేనూ, తెనాలి అక్కా మాత్రమే. భవనం అయిదున్నరకు మూసేస్తారు. మిగిలింది మూడు గంటల టేపు, ఆపైన ప్రశ్నలు. నెలాఖరులోపు రాష్ట్రంలో మరెక్కడా టేపు లేదు.

"ఇలా వాదించుకుంటే ఈ వాదనకే మూడు గంటలు రాయించుకోవచ్చు. మోడరేటరు ఉంటే," అన్నాడు పెద్దాయన.

నవ్వులయ్యాక ఆయనే నిబంధన బిగ్గరగా చదివాడు. మోడరేటరు కోసం పైవారెవరూ రానక్కర్లేదు, గదిలో ఉన్న లాయర్లలో ఒకరు ఉండవచ్చు. కానీ ఆ చట్టం కింద కనీసం ఒక కేసు నడిపినవాళ్లై ఉండాలి. కాగితం దించి గది అంతా చూశాడు.

"ఏడు నెలల చట్టం. ఎవరైనా వేశారా?"

ఆమె చెయ్యెత్తింది. "ఒకటి వేశాను."

అందరి ముఖాలూ తేటపడ్డాయి. ఇంకేం, వచ్చి ముందు కూర్చోండి అన్నారు. ఆమె నోట్సు సర్దుకుని లేచింది. నిబంధనల్ని మెషిన్ మాన్యువల్ చదివినట్టు చదవడం నాకు అలవాటు. ఆ కింది పేరాలో ఏముందో నాకు తెలుసు. మోడరేటరుకు టేపు గంటలు రావు. ఆ మనిషి ఆ సమయంలో పనిచేస్తున్నట్టు లెక్క, నేర్చుకుంటున్నట్టు కాదు. ప్రశ్నలకు జవాబు చెప్పినంతసేపే ఖాతాలో పడుతుంది.

ఆమె నా పక్కనుంచి వెళుతుంటే తెలుగులో అన్నాను. "అక్కా, అక్కడ కూసుంటే మీ గంటలు పోతయి."

"తెలుసయ్యా."

"మరి గురువారం?"

"నేను కూర్చోకపోతే టేపు లేదు. టేపు లేకపోతే నాకెలాగూ రావు, మిగతా ఎనిమిది మందికీ పోతాయి. లెక్క నువ్వే చెయ్యి, ఇంజనీరువి కదా."

లెక్క చేశాను. ఆమె చెప్పిందే సరైనది. ఆ రోజు గంటలు అవసరమైనవాళ్లు ఆమెతో కలిపి తొమ్మిది మంది.

మేము ఏ భాషలో మాట్లాడుకున్నామో ఆ గదిలో ఎవరికీ తెలియదు. కానీ విషయం అందరికీ తెలుసు. చిన్న ఊరు. ఎవరికి ఎన్ని గంటలు తక్కువో, ఎవరి హియరింగ్ ఎప్పుడో కాఫీ దగ్గరే తెలిసిపోతుంది. పెద్దాయన నిబంధన కాగితాన్ని మడిచి, విప్పి, మళ్లీ మడిచాడు.

అప్పుడు బ్యాంకు లాయరు గొంతు సవరించుకున్నాడు. "ఈ చట్టం కింద ఒక కేసులో నేనూ ఉన్నాను. అదే కేసులో, అవతలి వైపు. ఆమెను తన కుర్చీలోనే కూర్చోనివ్వండి. మోడరేటరుగా నేనుంటాను."

పెద్దాయనే అడిగాడు, అడగడానికి వయసు ఉన్నది ఆయనొక్కడికే.

"ఏమయ్యా, నువ్వు నోరు మూసుకుని ఆ కుర్చీలో ఉంటే గురువారం నీకు ఎదురు ఎవరూ ఉండరు. ఆ సంగతి గమనించావా?"

"గమనించాను."

"గమనించే లేచావా?"

"ఖాళీ కుర్చీతో వాదించి వస్తే మా బ్యాంకువాళ్లు ఫీజు సగం కోస్తారు. వాళ్లు పిసినారులు, మీకు తెలియనిదేముంది," అని ఆయన ముందుకు నడిచి, జడ్జి గారు ఖాళీ చేసిన కుర్చీలో కూర్చుని, నా వైపు తిరిగాడు. "బాబూ, నీ బటన్ నొక్కు."

నొక్కాను. సమయం రెండు కావడానికి పది నిమిషాలు తక్కువ. టేపు తిరుగుతుంటే నేను చూడాల్సింది బొమ్మ నాణ్యత, ధ్వని. నేను చూసింది ఆమెను. వెనక్కి వచ్చి తన కుర్చీలో కూర్చుని కొద్దిసేపు ఏమీ రాయలేదు. తరవాత పెన్ను మూత తీసింది. మూడు గంటల్లో ఆ మనిషి వైపు ఒక్కసారి కూడా చూడలేదు. ఆయన టీవీకి పక్కగా, మా అందరికీ ఎదురుగా, వీపు నిటారుగా పెట్టి కూర్చున్నాడు. క్యాసెట్ మార్చే విరామంలో అందరూ బయటికి వెళ్లి కాళ్లు చాపుకుని వచ్చారు. ఆయన లేవలేదు. నేను కాఫీ తెచ్చి ఇస్తే థాంక్స్ చెప్పి, "ఇది తాగితే ఇంకో అవసరం పడుతుంది, వద్దులే" అన్నాడు.

అయిదింటికి కొంచెం ముందు టేపు అయిపోయింది. ప్రశ్నలకు ముప్పై నిమిషాలు ఉన్నాయి. మొదట వచ్చినవి తేలిక ప్రశ్నలు. దరఖాస్తు ఎక్కడ వెయ్యాలి, అన్నదమ్ములిద్దరిదీ ఒకే పొలమైతే ఎలా. ఆయన పొట్టిగా, సూటిగా చెప్పాడు. తెలియనిదానికి తెలియదన్నాడు. తరవాత ఆమె చెయ్యెత్తింది.

ఆ ప్రశ్న నాకు ఇప్పటికీ గుర్తుంది, ఎందుకంటే చట్టం తెలియని నాకు కూడా అర్థమైంది. ఆవులు తాకట్టులో ఉన్నాయి, సరే. రైతు కోర్టుకు వచ్చిన తరవాత పితికిన పాలు ఉన్నాయి కదా, ఆ పాల డబ్బు ఎవరిది? దాంతో రైతు దాణా కొనుక్కోవచ్చా, లేక అదీ బ్యాంకు తాకట్టులోకే వస్తుందా? దీని మీద ఏదైనా కోర్టు ఏమైనా చెప్పిందా?

గురువారం కేసు మొత్తం ఆ ప్రశ్న మీదే ఉందని గదిలో అందరికీ తెలుసు. ఎవరో కుర్చీ జరపబోయి మానుకున్నారు. అడగడంలో ఆమెకూ నష్టం ఉంది. తన దగ్గర జవాబు లేదని అవతలివాడికి చెప్పినట్టే. అయినా అడిగింది. ఆయన కళ్లజోడు తీసి టై కొసతో తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. నేను చూసినంతలో ఆయన ఆలోచించింది ఆ తుడిచినంతసేపే.

"రెండు తీర్పులున్నాయి," అన్నాడు. "మొదటిది పాల డబ్బు కూడా బ్యాంకుదే అంటుంది. నేను గురువారం చెప్పబోయేది అదే. రెండోది పక్క రాష్ట్రంలో ఈ వసంతంలోనే వచ్చింది. రైతు తన దాణా పెట్టి, తన చెమట పెట్టి పితికిన పాలు కాబట్టి, ఆవుల విలువ తగ్గకుండా చూసుకున్నంతకాలం ఆ డబ్బుతో దాణా కొనుక్కోవచ్చు అంటుంది. అది ఇంకా పుస్తకాల్లోకి ఎక్కలేదు. నా ఉద్దేశంలో అది తప్పు తీర్పు. కానీ చాలా బాగా రాశారు."

"కాపీ ఎక్కడ దొరుకుతుంది?" అంది ఆమె. గొంతు మామూలుగానే ఉంది, చేతిలో పెన్ను మాత్రం ఆగిపోయింది.

"వీధి అవతల నా ఆఫీసులో ఉంది. ఇప్పుడే తెచ్చి ఇచ్చేవాణ్ణి. కానీ," అని ఆయన గోడ గడియారం చూశాడు, "అయిదున్నర దాకా నేను ఈ గది దాటకూడదట. ఇంకెవరికైనా కావాలా?"

పన్నెండు చేతులూ లేచాయి. ఆ కాలంలో ఆ కౌంటీలో లాయర్లను పోషించింది సగం బ్యాంకులే. అయినా ఒక్క చెయ్యి కూడా కింద లేదు. నేను లాయర్ని కాను, ఆ కాగితంతో నాకు పనిలేదు, కాని ఎత్తాలనిపించింది.

అయిదున్నరకు ఆయన వీధి దాటి వెళ్లి, ఇంకా వేడిగా ఉన్న జిరాక్స్ కాపీలు సంకన పెట్టుకుని వచ్చి కోర్టు మెట్ల మీద నిలబడి పంచాడు. ఆమె తన కాపీ అందుకుని థాంక్యూ అన్న ఒక్క మాటే అంది. పెద్దాయన తన కాపీని దూరంగా పట్టుకుని, దగ్గరగా పట్టుకుని, "అక్షరాలు కూడా మారుస్తున్నారు ఈమధ్య, చిన్నవి చేసి" అని గొణుక్కుంటూ కారు వైపు నడిచాడు.

నేను టీవీలు వ్యాన్‌లోకి ఎక్కిస్తుంటే బ్యాంకు లాయరు ఒక వైపు పట్టుకున్నాడు. అడగకుండా ఉండలేకపోయాను.

"సర్, బ్యాంకుకు కోపం రాదా?"

"వస్తుంది. వాళ్ల రహస్యం చెబితే రావాల్సిందే. ఇది రహస్యం కాదు, కోర్టు తీర్పు. వెతికితే ఆమెకూ దొరికేది."

"గురువారంలోపా సర్?"

ఆయన నన్ను ఒక క్షణం చూశాడు. "నువ్వు లా స్కూల్లో చేరు," అన్నాడు. తరవాత టీవీని లోపలికి తోసి, "క్లాసులో అడిగారయ్యా. క్లాసులో అడిగితే చెప్పాలి కదా," అన్నాడు, ఇదేదో వర్షం వస్తే గొడుగు వెయ్యాలి కదా అన్నట్టు. "ఈ ఊళ్లో ముప్పై ఏళ్ల నుంచి ఉన్నాను. బ్యాంకు మేనేజర్లు ఆరుగురు మారారు."

నూట ఇరవై మైళ్ల దారి పొడవునా రేడియో పెట్టకుండా డ్రైవ్ చేశాను. నేను చదువుకున్న చదువులో జవాబు సరైనదో కాదో మీటరు చెబుతుంది. అవతల ఎవరున్నా ఓల్టేజి మారదు. ఈ మనుషుల పనిలో జవాబు ఎవరి నోట్లోంచి వస్తుందనే దాన్ని బట్టి ఒకరి ఆవులు ఉంటాయి, పోతాయి. అలాంటి పనిలో ఉండి, ఓడించాల్సిన మనిషికి కూర్చోవడానికి కుర్చీ ఇచ్చి, ఆయుధం ఇచ్చి, అప్పుడు రమ్మనడం ఏమిటో నాకు ఏ సమీకరణంలోనూ ఇమడలేదు. చేలు రెండు వైపులా పచ్చగా, ఒకే ఎత్తున, కంటికందినంత మేరా ఉన్నాయి. చర్చికైనా గుడికైనా నేను ఎక్కువగా వెళ్లేవాణ్ణి కాదు. ఆ సాయంత్రం మాత్రం ఏదో పెద్ద చోటు నుంచి బయటికి వస్తున్న మనిషిలా మెల్లగా నడిపాను.

సోమవారం పొద్దున ఆమె గంటల కాగితం మా ఆఫీసు ద్వారా రాష్ట్ర బోర్డుకు చేరింది. నేనే తీసుకెళ్లి ఇచ్చాను. హియరింగ్ అయిన మర్నాడు, శుక్రవారం, ఆమె ఫోన్ చేసింది.

"చీల్చి చెండాడాడు తమ్ముడూ నన్ను ఆ బ్యాంకు లాయరు. ఒకటిన్నర గంట. నా ప్లాన్‌లో దాణా ఖర్చు తప్పు వేశానని పట్టుకున్నాడు, మా రైతును బోనులో నిలబెట్టి గుక్క తిప్పుకోనివ్వలేదు. పోయిన శుక్రవారం చూసిన మనిషేనా అనిపించింది."

"మరి ఆ తీర్పు?"

"చదివాను. జడ్జి అడిగాడు, ఇది ఇంకా అచ్చు కాలేదే, మీకెలా వచ్చిందమ్మా అని. నేను నోరు తెరిచేలోపు ఆయన లేచి, 'నేనే ఇచ్చాను యువర్ ఆనర్, అది ఎందుకు తప్పో ఇప్పుడు చెబుతాను' అన్నాడు. కోర్టంతా నవ్వారు. తరవాత నిజంగానే చెప్పాడు. బాగా చెప్పాడు కూడా, నాకే భయమేసింది."

"గెలిచిండా అక్కా?"

"లేదయ్యా. పాల డబ్బుతో దాణా కొనుక్కోవచ్చన్నాడు జడ్జి. ఆవుల లెక్క ప్రతి నెలా బ్యాంకుకు పంపాలి, అరవై ఒకటిలో ఒక్కటి కూడా తగ్గకూడదన్నాడు. బయటికొచ్చాక ఆయన నాతో చెయ్యి కలిపి, దాణా లెక్క సరిచేసుకో, పథకం ఒప్పించే రోజున మళ్లీ అక్కడే పట్టుకుంటా అన్నాడు. సరిచేశాను."

సెప్టెంబరులో మరో పాఠం టేపులతో ఆ ఊరు వెళ్లాను. అప్పటికి కోర్టు పథకాన్ని ఒప్పుకుంది. సాయంత్రం క్లాసు అయ్యాక, పద తమ్ముడూ, ఒక చోటు చూపిస్తా అని ఆమె నన్ను తన కారులో తీసుకెళ్లింది. మట్టి రోడ్డు మీద పది నిమిషాల దూరంలో ఒక ఎర్ర రంగు పశువుల కొట్టం. పాలు పితికే వేళ. ఆ పాడి రైతు ఆమెకు టోపీ ఎత్తి నమస్కారంలాంటిది పెట్టి మళ్లీ పనిలో పడ్డాడు. అతని పెళ్లాం పాలు పితికే యంత్రం గొట్టాలు ఒక ఆవు నుంచి తీసి ఇంకో ఆవుకు తగిలిస్తోంది. గుండె కొట్టుకున్నట్టు ఆ యంత్రం చప్పుడు. అక్క గోడకు ఆనుకుని చేతులు కట్టుకుని నిలబడింది. నేను రెండు వరసల మధ్య ఈ చివర నుంచి ఆ చివరకు నడిచాను.

ఆవులు అరవై ఒకటి.